పాత డిస్క్ తీసేశాక బూట్ కాలేదు: మూడేళ్లుగా వాడుతున్న క్లోన్ డాక్ గురించి

రెండు స్లాట్ల క్లోన్ డాక్ (ఒక డిస్క్‌ను ఇంకో డిస్క్‌లోకి కాపీ చేసే చిన్న పరికరం) కొని మూడేళ్లు దాటింది. స్పీడు, కేబుల్, లైట్లు అన్నీ పెట్టె మీదే రాసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నాకు దీనిలో ప్రాణం లాంటిది ఆ క్లోన్ బటన్. కంప్యూటర్‌కు తగిలించక్కర్లేదు, రెండు డిస్క్‌లూ పెట్టి బటన్ నొక్కి పట్టుకుంటే ఒకదానిలో ఉన్నది ఉన్నట్టు రెండోదానిలోకి ఎక్కిపోతుంది. దాని విలువ నాకు పూర్తిగా తెలిసింది మాత్రం కిందటేడు నా డెస్క్‌టాప్ బూట్ కానన్న రోజున.

అప్పట్లో విండోస్ 250 జీబీ ఎస్ఎస్‌డీలో ఉండేది, ఫోటోలు దాచుకోవడానికి పక్కన ఒక పాత హార్డ్ డిస్క్. ఎస్ఎస్‌డీ నిండిపోయింది, హార్డ్ డిస్క్ టకటకమని చప్పుడు మొదలుపెట్టింది. రెండు పనులూ ఒకేసారి తేల్చేద్దామని ఫోటోలు వేరేచోటికి మార్చి, ఎస్ఎస్‌డీని 1 టీబీ కొత్తదానిలోకి క్లోన్ చేసి, హార్డ్ డిస్క్‌ను పూర్తిగా పీకేశాను. పవర్ నొక్కితే నల్లటి తెర, బూట్ డివైస్ లేదని ఒక్క లైను.

డాక్ మీదే అనుమానపడ్డాను. క్లోన్ మళ్లీ చేశాను, కేబుల్ మార్చాను, డిస్క్ తగిలించే సాటా పోర్ట్ మార్చాను, విండోస్ పెన్‌డ్రైవ్‌తో స్టార్టప్ రిపేర్ నడిపాను, లాభం లేదు. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగులు) డ్రైవ్‌ల జాబితాలో ఎస్ఎస్‌డీ పేరు కనిపిస్తోంది కానీ బూట్ జాబితాలో విండోస్‌ను మొదలుపెట్టే విండోస్ బూట్ మేనేజర్ అన్న పేరే లేదు. విసిగిపోయి పాత ఎస్ఎస్‌డీనే తిరిగి బిగించాను. అదీ బూట్ కాలేదు! నిన్నటిదాకా నడిచిన డిస్క్ అది, నేను దాన్ని ముట్టుకోలేదు. అంటే తప్పు క్లోన్‌ది కాదు. హార్డ్ డిస్క్ తగిలించగానే విండోస్ మామూలుగా వచ్చేసింది, డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూస్తే ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్, అంటే బూట్ ఫైళ్లుండే చిన్న భాగం, ఆ హార్డ్ డిస్క్‌లో ఉంది. ఎప్పుడో ఎస్ఎస్‌డీలో విండోస్ వేసినప్పుడు హార్డ్ డిస్క్ కూడా తగిలించే ఉంచాను, దానిలో ముందునుంచే అలాంటి పార్టిషన్ ఉంది కాబట్టి ఇన్‌స్టాలర్ బూట్ ఫైళ్లను అందులోనే పెట్టేసింది. ఇన్నేళ్లూ ఇల్లు ఒక డిస్క్‌లో, తాళంచెవి ఇంకో డిస్క్‌లో.

ఇక చేయాల్సింది కొత్త ఎస్ఎస్‌డీలోనే ఆ చిన్న పార్టిషన్ తయారుచేసి బూట్ ఫైళ్లు రాయడం. హార్డ్ డిస్క్ తీసేసి, పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టి, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి కమాండ్ ప్రాంప్ట్ తెరిచాను. డిస్క్‌ను భాగాలు చేసే డిస్క్‌పార్ట్‌లో చివర మిగిలిన ఖాళీలో 260 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్ చేసి, దాన్ని ఫార్మాట్ చేయబోతూ వేరే పార్టిషన్ నంబర్ ఎంచుకున్నాను. ఫార్మాట్ అయింది విండోస్ ఉన్న పార్టిషన్! క్లోన్ డాక్ లేకపోతే ఆ క్షణంలో నా పరిస్థితి ఏమయ్యేదో తలచుకోవడం కూడా నాకిష్టం లేదు. పాత ఎస్ఎస్‌డీ చెక్కుచెదరకుండా డ్రాయర్‌లో ఉంది. రెండూ డాక్‌లో పెట్టి బటన్ నొక్కాను, ముప్పావుగంటలో మళ్లీ మొదటికి వచ్చాను. తప్పు చేస్తే పోయేది ముప్పావుగంటే అని తెలిశాక చేతుల వణుకు తగ్గింది. ఈ డాక్ మీద నాకున్న ప్రేమంతా అక్కడిదే.

రెండోసారి ఒక్కో నంబర్ రెండుసార్లు చూసుకున్నాను. పెన్‌డ్రైవ్‌తో వచ్చినప్పుడు డ్రైవ్ అక్షరాలు మారిపోతాయి, విండోస్ ఫోల్డర్ నాకు సీ బదులు డీలో కనిపించింది. ఆ అక్షరంతో, బూట్ ఫైళ్లు రాసే బీసీడీబూట్ కమాండ్ నడిపితే బూట్ ఫైళ్లు తయారయ్యాయన్న లైను వచ్చింది, రీస్టార్ట్ చేస్తే లాగిన్ తెర. ఆ తెరను చూసి అంత సంతోషించడం అదే మొదటిసారి.

అయితే ఉన్నది ఉన్నట్టు కాపీ చేస్తుందని పైన మెచ్చుకున్నాను కదా, లేనిది మాత్రం అది తెచ్చిపెట్టదు. క్లోన్ పూర్తయిందని చెప్పే నాలుగో లైటు వెలిగినంత మాత్రాన బూట్ అవుతుందని కాదు. ఖాళీ స్థలాన్ని కూడా కాపీ చేస్తుంది కాబట్టి పెద్ద హార్డ్ డిస్క్‌లకు గంటలు పడుతుంది, చిన్న డిస్క్‌లోకి అసలు చేయదు, చెడిన సెక్టర్లున్న డిస్క్ పెడితే నాది మధ్యలోనే ఆగిపోయింది. స్లాట్లు తారుమారైతే అడగకుండా మంచి డిస్క్‌నే తుడిచేస్తుంది, అందుకే నేను స్లాట్ల మీద మార్కర్‌తో రాసుకున్నాను. ఆ ఈఎఫ్ఐ పార్టిషన్ సీ డ్రైవ్ వెనకే కూర్చోవడంతో సీని పెంచడానికి వీల్లేక మిగతా స్థలాన్ని వేరే డ్రైవ్‌గా వాడుకుంటున్నాను. ముందే సీని పెంచి చివర కాస్త వదిలి ఉండాల్సింది, అది డాక్ తప్పు కాదు.

నా దగ్గరున్న మూడు కంప్యూటర్లలోనూ సాటా డిస్క్‌లే, చుట్టాలవి కూడా నా దగ్గరికే వస్తాయి, కాబట్టి నాకు ఇది పనికొస్తోంది. మీ ల్యాప్‌టాప్‌లో సన్నటి పట్టీలా ఉండే ఎన్‌వీఎంఈ డ్రైవ్ ఉంటే ఈ రకం డాక్‌లో అది పట్టదు. జీవితంలో ఒక్కసారి డిస్క్ మార్చేవాళ్లకు క్లోనింగ్ సాఫ్ట్‌వేర్, ఒక యూఎస్‌బీ కేబుల్ చాలేమో. నేను మాత్రం దీన్ని టేబుల్ మీద నుంచి తీయలేదు, పాత ఎస్ఎస్‌డీని డ్రాయర్‌లోంచి కూడా తీయలేదు.