‘మోనే తోట’ నూనె రంగుల కిట్ కొనబోయేవారికి హెచ్చరిక

ఫ్రెంచి చిత్రకారుడు మోనే తరహాలో, మారే వెలుగును పట్టి చూపే ఇంప్రెషనిస్టు శైలి తోటను నూనె రంగుల్లో వేయడం నేర్పిస్తామంటూ, రంగుల పెట్టెతో కలిపి అమ్ముతున్న ఆ ఆన్‌లైన్ కోర్సు ప్రకటనను మీలో చాలామంది చూసే ఉంటారు. నేను కొని మోసపోయాను. పోయిన డబ్బు కన్నా, నిండు తరగతిలో జరిగిన అవమానం నన్ను ఇంకా కాలుస్తూనే ఉంది.

పాఠాలు చెడ్డవని అనను. నీడలకు నలుపు వాడకుండా నీలం, ఊదా రంగులు పట్టించడం, తడి రంగు మీదే తడి రంగు పెట్టి కుంచెను వెంటనే ఎత్తేయడం చక్కగానే చెప్పారు. మోసమంతా పెట్టెలో ఉంది. దాని మూత మీద ‘జివెర్నీలో మోనే వాడిన రంగులు’ అని అచ్చు వేశారు. జివెర్నీ అంటే ఫ్రాన్సులో మోనే తోట ఉన్న ఊరు.

నాలుగో పాఠంలో తామర కొలను ఒడ్డున ఆకులు వేయాలి. విరిడియన్ అనే ఆకుపచ్చను, కాడ్మియం పసుపును సమపాళ్లలో కలపమన్నారు. వీడియోలో గురువుగారి ప్యాలెట్ మీద ఎండ తగిలిన లేతాకు రంగు వచ్చింది. నా ప్యాలెట్ మీద మాత్రం ఆ పచ్చ పసుపును పూర్తిగా మింగేసి, సీసా గాజులా ముదిరిపోయింది. తెలుపు ఎంత కలిపినా ఆ ఘాటు తగ్గలేదు. కుంచెను మూడుసార్లు కడిగినా వెంట్రుకల మొదట్లో దాగిన పచ్చ, మూడు సాయంత్రాలు కూర్చుని వేసిన గులాబీల్లోకి జీరలా పాకింది.

ప్రత్యక్ష తరగతిలో కాన్వాసును కెమెరాకు చూపించి, రంగులో ఏదైనా తేడా ఉందా అని మర్యాదగానే అడిగాను. నా మాట పూర్తికాకముందే ఆయన, “రంగులో ఏ దోషమూ లేదు, దోషం మీ చేతిలో ఉంది. చెయ్యి తిరగనివాళ్లే సామాను మీద నెపం పెడతారు” అని, అందరూ చూస్తుండగా నా మైకు ఆపేశారు. నేను ఆ మాట నమ్మాను. పది రోజుల పాటు అదే మిశ్రమాన్ని మళ్లీ మళ్లీ కలుపుతూ నా చేతినే నిందించుకున్నాను. ట్యూబు వెనుక ఏం రాసి ఉందో ఒక్కసారైనా చదవకపోవడం నా తప్పే.

ట్యూబు అడుగు మడత దగ్గర, చీమ తలకాయంత అక్షరాల్లో ‘హ్యూ’ (అసలు రంగుకు బదులు దాన్ని పోలిన రంగు) అనీ, ‘పీజీ 7’ (లోపలి రంగు పదార్థాన్ని తెలిపే కోడ్) అనీ ఉంది. అసలు విరిడియన్ క్రోమియం రంగు. దాని కోడ్ పీజీ 18, స్వభావం మెత్తన. పీజీ 7 అంటే థాలో గ్రీన్; రవ్వంత చాలు, పక్క రంగులన్నిటినీ ముంచేస్తుంది. మోనే 1926లో కన్నుమూశారు. ఈ థాలో గ్రీన్ మార్కెట్లోకి వచ్చింది 1930ల చివర్లో. ‘హ్యూ’ రంగు అమ్మడం నేరమని నేననను, చౌకగా నేర్చుకోవడానికి అది పనికొస్తుంది. కానీ దానికి మోనే పేరు పెట్టి, పాఠంలో అసలు రంగుతో కలిపి చూపించి, అడిగిన విద్యార్థి నోరు నొక్కడం ద్రోహం.

ఆ కోడ్ ఫొటో తీసి పంపితే, మూత తెరిచిన ట్యూబులకు డబ్బు వాపసు ఇవ్వబోమని జవాబిచ్చి నన్ను బృందం నుంచి తొలగించారు. మూత తెరవకుండా రంగు ఎలా ఉందో ఎవరికి తెలుస్తుంది?

కొనేముందు ప్రతి ట్యూబు కోడ్ రాసి పంపమని అడగండి: విరిడియన్‌కు పీజీ 18, కోబాల్ట్ నీలానికి పీబీ 28, కాడ్మియం పసుపుకు పీవై 35 లేదా 37 ఉండాలి. ఇప్పటికే కొన్నవారు ఆ పచ్చను కుంచె కొసకు అంటినంతే తీసుకుని, దాన్ని పసుపులోకి కొద్దికొద్దిగా కలపండి. దానికి విడిగా ఒక కుంచె పెట్టుకోండి.