ఫైల్ హిస్టరీ, వన్‌డ్రైవ్, డుప్లికాటి: ఇంటి కంప్యూటర్ బ్యాకప్‌కి ఏది మేలు?

మా బాబాయి తెలుగు మాస్టారుగా రిటైరయ్యాక ఒక పని పెట్టుకున్నారు. తెనాలి చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, పెద్దవాళ్లు పాడే నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు, పెళ్లి పాటలు ఫోన్‌లో రికార్డు చేసేవారు. ఇంటికొచ్చి వాటిని కంప్యూటర్లో వేసుకుని, విని, టైపు చేసుకునేవారు. ఒకరోజు పొద్దున కంప్యూటర్ ఆన్ కాలేదు. లోపల హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమంటోంది. నాకు ఫోన్ చేసి ఆయన అన్న మొదటి మాట: "కంగారేం లేదురా అబ్బాయ్, పాటలన్నీ డి డ్రైవ్‌లోనే పెట్టాను."

ఈ నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. విండోస్ పాడైనప్పుడల్లా రిపేరు కుర్రాడు సి డ్రైవ్‌ని ఫార్మాట్ చేస్తాడు, డి అలాగే ఉంటుంది. అందుకని డి అంటే భద్రం అనుకుంటాం. చాలా కంప్యూటర్లలో సి, డి, ఈ అన్నీ ఒకే డిస్క్ మీద గీసుకున్న గీతలు. డిస్క్ పోతే మూడూ కలిసే పోతాయి. ఆయన దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ ఉంది కానీ, అది పద్నాలుగు నెలల పాతది. ఆ పద్నాలుగు నెలల్లో పాడినవాళ్లలో ఇద్దరు ముసలమ్మలు చనిపోయారు. వాళ్ల పాటలు మళ్లీ రికార్డు చేసే వీల్లేదు.

అందుకే కొత్త కంప్యూటర్ కొన్నాక బ్యాకప్ సంగతి, అంటే ఫైళ్ల నకలు ఇంకోచోట దాచే పని, గట్టిగా పట్టుకున్నాను. ఆయన ఇంట్లో ఆ పని చేసే సాఫ్ట్‌వేర్లు ఒకటి తర్వాత ఒకటి పెట్టి, కొన్ని నెలలు చూశాం. నేను చూసింది మూడే విషయాలు. మనం మర్చిపోయినా అది నడవాలి. ఇవాళ్టి ఫైలే కాదు, పోయిన వారం ఫైలు కూడా ఇవ్వగలగాలి. కంప్యూటర్ పోయిన రోజు నేను పక్కన లేకపోయినా, బాబాయి ఒక్కరే వాటిని వెనక్కి తెచ్చుకోగలగాలి. మూడోదాన్ని ఎక్కువమంది అడగరు. నా లెక్కలో అదే అన్నిటికంటే ముఖ్యం.

ముందు ఫైల్ హిస్టరీ పెట్టాం. ఇది విండోస్ 8తో 2012లో వచ్చింది, విండోస్ 11లోనూ ఉంది. కాకపోతే ఇప్పుడు కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి వెతుక్కోవాలి. డబ్బు కట్టేది లేదు, దింపుకునేది లేదు. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తగిలించి ఆన్ చేస్తే చాలు, మారిన ఫైళ్లను గంటకోసారి దానిలోకి కాపీ చేస్తుంది. ఆ గంటను పది నిమిషాలకు తగ్గించుకోవచ్చు, రోజుకోసారికి పెంచుకోవచ్చు. డిస్క్ తీసేసి ఉంటే మారిన ఫైళ్లను కొంతమేర కంప్యూటర్లోనే దాచి ఉంచి, మళ్లీ తగిలించినప్పుడు అందులో వేస్తుంది.

దీనిలో నాకు బాగా నచ్చింది, బయట ఎవరూ పెద్దగా చెప్పనిది ఒకటుంది. కాపీలు మామూలు ఫైళ్లుగానే ఉంటాయి. ఫైలు పేరు చివర తేదీ, సమయం చేరతాయి, అంతే. రేపు ఆ కంప్యూటరే లేకపోయినా, ఆ డిస్క్‌ని పక్కింటివాళ్ల కంప్యూటర్‌కి తగిలించి ఫోల్డర్లు తెరిచి చూసుకోవచ్చు. ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు. బాబాయిలాంటి వాళ్లకు ఇంతకంటే ధైర్యం ఇచ్చేది లేదు. అదే మాట తిప్పి చూస్తే, ఆ డిస్క్ ఎవరి చేతికి దొరికితే వాళ్లు కూడా చదవగలరు. బ్యాంకు కాగితాలు, ఆధార్ స్కాన్లు ఉన్నవాళ్లు డిస్క్‌ని బీరువాలో పెట్టి తాళం వేసుకోవాలి.

దీని లోపం మాత్రం మాకు సరిగ్గా తగిలే చోటే ఉంది. ఇది డెస్క్‌టాప్‌లోనూ, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి లైబ్రరీల్లోనూ (విండోస్ ఫోల్డర్లను కలిపి చూపించే జాబితాలు) ఉన్నవే తీసుకుంటుంది. డి డ్రైవ్‌లో మనం సొంతంగా పెట్టుకున్న "పాటలు" ఫోల్డర్ జోలికి పోదు. ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఏదో ఒక లైబ్రరీలో చేర్చాలి. ఈ పని చేయకపోతే నెలల తరబడి బ్యాకప్ నడుస్తున్నట్టే కనిపిస్తుంది, కావాల్సింది మాత్రం అందులో ఉండదు. ఇంకొకటి, ఇది పాత వెర్షన్లన్నీ ఎప్పటికీ ఉంచేలా మొదటినుంచీ సెట్ అయి ఉంటుంది. డిస్క్ నిండితే కాపీ చేయడం ఆగిపోతుంది. జాగా అవసరమైనప్పుడు పాతవి తీసేయమని మార్చుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

ఫాంట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బాబాయి పాత ఫైళ్లు అను ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. ఫాంట్లు విండోస్ ఫోల్డర్లో ఉంటాయి కాబట్టి ఫైల్ హిస్టరీ వాటిని తీసుకోదు. డీటీపీ పని చేసేవాళ్లు ఫాంట్ ఫైళ్ల కాపీ ఒకటి డాక్యుమెంట్స్‌లో పెట్టుకోండి. ఫైలు మిగిలి అక్షరం పోతే ఏం లాభం?

తర్వాత వన్‌డ్రైవ్, మన ఫైళ్లను నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ సేవ. కొత్త కంప్యూటర్లో ఇది ముందే ఉంటుంది, "మీ ఫోల్డర్లు బ్యాకప్ చేయమంటారా" అని అదే అడుగుతుంది. ఉచితంగా 5 జీబీ ఇస్తారు. డబ్బు కడితే మైక్రోసాఫ్ట్ 365 పర్సనల్‌తో 1 టీబీ వస్తుంది. ఇల్లు మునిగినా, కంప్యూటర్ దొంగ ఎత్తుకుపోయినా ఫైళ్లు ఎక్కడో భద్రంగా ఉంటాయి. ఇంట్లో ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్ ఈ ధైర్యం ఇవ్వలేదు.

కానీ దీన్ని బ్యాకప్ అని పిలవడం నాకు ఇష్టం లేదు. ఇది చేసేది సింక్. ఇక్కడ ఏది జరిగితే అక్కడా అదే జరుగుతుంది. ఒక ఫోల్డర్‌ని పొరపాటున తీసేస్తే అక్కడా పోతుంది. పర్సనల్ అకౌంట్‌లో తీసేసినవి 30 రోజులు రీసైకిల్ బిన్‌లో ఉంటాయి, ఆ తర్వాత ఉండవు. ఏప్రిల్‌లో పోయిన ఫోల్డర్ సంగతి దసరాకి గుర్తొస్తే చేయగలిగింది ఏమీ లేదు. గూగుల్ డ్రైవ్‌కి కూడా ఇదే వర్తిస్తుంది: ఉచితంగా 15 జీబీ (అందులోనే జీమెయిల్, ఫొటోలు కూడా సర్దుకోవాలి), ట్రాష్‌లో 30 రోజులు. పైగా వన్‌డ్రైవ్ ఫోల్డర్ బ్యాకప్ కూడా డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి వాటికే. డి డ్రైవ్ దీనికీ కనపడదు. ఫోల్డర్లో మేఘం గుర్తు ఉన్న ఫైళ్లయితే అసలు కంప్యూటర్లో ఉండవు, నెట్‌లోనే ఉంటాయి. కంప్యూటర్లో ఒకటి, నెట్‌లో ఒకటి అని రెండు కాపీలు లెక్కేసుకుంటాం, ఉన్నది ఒక్కటే.

మూడోది డుప్లికాటి, దింపుకుని వేసుకునే బ్యాకప్ సాఫ్ట్‌వేర్. ఉచితం, ఓపెన్ సోర్స్ (దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు). ఏ ఫోల్డర్ కావాలో మనమే చెప్తాం కాబట్టి డి డ్రైవ్ గొడవ ఇక్కడ లేదు. ఎక్కడ దాచాలో కూడా మన ఇష్టమే: ఎక్స్‌టర్నల్ డిస్క్, గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, ఇంకా చాలా ఉన్నాయి. ఫైళ్లను ముక్కలుగా చేసి, ఏఈఎస్-256 పద్ధతిలో తాళం వేసి పంపుతుంది. మొదటిసారి అన్నీ వెళ్తాయి, తర్వాత మారిన ముక్కలే వెళ్తాయి. పాత వెర్షన్లను ఎలా ఉంచాలో దానికే వదిలేస్తే గత వారానికి రోజుకొకటి, గత నెలకి వారానికొకటి, గత ఏడాదికి నెలకొకటి చొప్పున ఉంచుతుంది. కరెంటు పోయి కంప్యూటర్ ఆపేసి ఉన్నా, మళ్లీ ఆన్ చేయగానే తప్పిపోయిన బ్యాకప్ మొదలుపెడుతుంది.

ఇన్ని గుణాలున్నా బాబాయికి ఇది ఒక్కటే ఇచ్చి రాను. సెట్టింగులన్నీ బ్రౌజర్‌లో ఇంగ్లీషులో తెరుచుకుంటాయి. తప్పు వచ్చినప్పుడు చూపించే సందేశాలు ఈ పని తెలిసినవాళ్లకే అర్థమవుతాయి. అన్నిటికంటే ముఖ్యం, పాస్‌వర్డ్ పోతే బ్యాకప్ పోయినట్టే. తయారుచేసినవాళ్లు కూడా తెరిచి ఇవ్వలేరు. దాచిన ఫైళ్లు మామూలుగా తెరుచుకోవు, తిరిగి తీయాలంటే మళ్లీ డుప్లికాటి కావాలి.

మిగతావి క్లుప్తంగా. ఒక ఫోల్డర్‌ని ఇంకోచోటికి కాపీ చేసే ఫ్రీఫైల్‌సింక్ తేలికైనది, వేగమైనది. కానీ మిర్రర్ పద్ధతిలో పెడితే ఇక్కడ తీసేసింది అక్కడా తీసేస్తుంది, వెర్షన్లు ఉంచేలా విడిగా సెట్ చేసుకోవాలి. విండోస్‌తో సహా డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు దాచాలంటే వీమ్ ఏజెంట్ ఉచిత వెర్షన్ ఉంది. ఒకప్పుడు ఈ పనికి అందరూ చెప్పే మాక్రియమ్ రిఫ్లెక్ట్ ఉచిత వెర్షన్‌కి 2024 జనవరి 1తో కాలం చెల్లింది, పాత సలహాలు చూసి దాన్ని వేసుకోకండి. మ్యాక్ ఉన్నవాళ్లకు అసలు ఈ వెతుకులాటే లేదు. 2007 నుంచి ఉన్న టైమ్ మెషీన్ ఫైల్ హిస్టరీ చేసే పనిని ఇంకా శుభ్రంగా చేస్తుంది.

నెట్‌లోకి ఎక్కించే ముందు ఒక లెక్క వేసుకోండి. మీ ఫైళ్లు 200 జీబీ ఉండి, అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్ ఉంటే మొదటి బ్యాకప్‌కి ఏకధాటిగా 22 గంటలు పైనే పడుతుంది. డౌన్‌లోడ్ వేగం చూసి లెక్క వేయకండి, చాలా కనెక్షన్లలో అప్‌లోడ్ తక్కువ. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే ఇంట్లో ఇది కుదిరే పని కాదు.

ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి, తీయడానికి డబ్బు అడిగే వైరస్) భయం కూడా నిర్ణయంలో కలుస్తుంది. 2017 మేలో వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అలాంటిది లోపలికి వస్తే తగిలించి ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌ని కూడా వదలదు. సింక్ ఫోల్డర్‌లో పాడైన ఫైళ్లు నెట్‌లోకీ వెళ్తాయి. అందుకే ఒక డిస్క్ ఎప్పుడూ తగిలించి ఉంచడం తప్పు. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క నాకు అందుకే నచ్చుతుంది: మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట.

చివరికి బాబాయి ఇంట్లో ఇలా పెట్టాం. డి డ్రైవ్‌లోని పాటల ఫోల్డర్‌ని లైబ్రరీలో చేర్చి ఫైల్ హిస్టరీ ఆన్ చేశాం. ఆయన ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ డిస్క్ తగిలిస్తారు, మధ్యాహ్నం తీసి బీరువాలో పెడతారు. టైపు చేసిన పాటలు, ఎంచిన రికార్డింగులు కలిపి 15 జీబీకి చాలా లోపే ఉన్నాయి కాబట్టి, అవి మాత్రం డుప్లికాటితో రోజూ రాత్రి ఎనిమిదికి గూగుల్ డ్రైవ్‌కి వెళ్తాయి. అది నేను పెట్టాను, నేనే చూసుకుంటాను. వన్‌డ్రైవ్ ఫోల్డర్ బ్యాకప్ ఆపేశాం. ఒకే ఫైలుని ముగ్గురు లాగుతుంటే ఏది ఎక్కడుందో ఆయనకు తెలియదు. ఒక్కటే పెట్టుకోగలిగినవాళ్లు మాత్రం ఫైల్ హిస్టరీనే పెట్టుకోండి. లాప్‌టాప్ పట్టుకుని ఊళ్లు తిరుగుతూ డిస్క్ వెంట ఉంచుకోలేని వాళ్లయితే డుప్లికాటి నేర్చుకోండి.

అన్నీ పెట్టాక ఆ సాయంత్రం ఒక పని చేయించాను. ఒక పాట ఫైలు పేరు మార్చి, పక్కన దాచి, "బాబాయ్, ఇది పోయిందనుకోండి, మీరే తెచ్చుకోండి" అన్నాను. మొదటిసారి ఇరవై నిమిషాలు పట్టింది, రెండుసార్లు నన్ను పిలిచారు. ఆయన చేసిన ప్రతి మెట్టూ డైరీలో తెలుగులో రాసుకున్నారు, డుప్లికాటి పాస్‌వర్డ్ కూడా అదే పేజీలో, దాని నకలు మా ఇంట్లో. మర్నాడు నేను బయల్దేరేలోపు ఇంకో ఫైలు దాచమని ఆయనే అడిగారు. ఈసారి నన్ను పిలవలేదు.