సింగపూర్ ప్యాకేజీ టూరు: వీసా కొనుక్కోండి, బస్సు వదిలేయండి

ఐదు స్టార్లకి మూడు ఇస్తున్నాను. అందులో రెండున్నర సింగపూర్‌వి. మిగిలిన అర ట్రావెల్స్ వాళ్ళది, అదీ వీసా పని తిప్పించుకోకుండా చేసినందుకు. విజయవాడ సంస్థే, పేరు రాయను. నలుగురి దగ్గర రేట్లు కనుక్కున్నాను, నలుగురూ ఇచ్చిన కాగితం ఒకటే, మీద బొమ్మతో సహా.

నాది ఆటోనగర్‌లో బస్సు బాడీలు కట్టే షెడ్డు. ఇనుము గురించి రెండు ముక్కలు ఎక్కువ రాస్తే ఓర్చుకోండి. వెళ్ళింది నేను, మా ఆవిడ, మా అమ్మ. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, పైగా ఉల్లిపాయ కూడా ముట్టదు. అమరావతికి మాస్టర్ ప్లాను గీసింది సింగపూర్ వాళ్ళేనని టీవీలో వినీ వినీ, "ఆ గీసినోళ్ళ ఊరేదో చూపించరా" అని అమ్మ పట్టుబట్టింది.

ముందు వాళ్ళ మంచి చెబుతాను. అక్కడ మనవాళ్ళు లేకపోతే సింగపూర్ వీసాకి గుర్తింపున్న ఏజెంటు దగ్గరికి పోవాల్సిందే. అక్కడి ప్రభుత్వానికి కట్టేది 30 సింగపూర్ డాలర్లు, పైన ఏజెంటు తన కూలి వేసుకుంటాడు. ఫొటో కొలతల దగ్గర్నుంచి బ్యాంకు స్టేట్‌మెంటు దాకా అన్నీ వాళ్ళే సర్దారు. అక్కడికి బాగానే ఉంది. కానీ దిగే ముందు ఆన్‌లైన్‌లో నింపే అరైవల్ కార్డుకి కూడా మనిషికింత అని బిల్లులో రాశారు. ఆ కార్డు ఉచితం. ఇదేంటి బాబూ అని అడిగితే మారు మాట్లాడకుండా బిల్లులోంచి తీసేశారు. మీరూ అడగండి.

2018 డిసెంబరులో గన్నవరం నుంచి నేరుగా సింగపూర్‌కి విమానం వేశారు, ఏడాది తిరక్కుండానే ఆగిపోయింది. మేం చెన్నై మీదుగా వెళ్ళాం. టికెట్టు కొనేటప్పుడు నేరుగా ఉందేమో కనుక్కోండి, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి ఒక విమానాశ్రయం నడక తగ్గుతుంది. జేబులో ఖైనీ, గుట్కా ఉంటే మాత్రం ఇక్కడే పారేసి ఎక్కండి. నమిలే పొగాకైనా, ఈ-సిగరెట్టైనా ఆ దేశంలోకి పట్టుకెళ్ళడమే నేరం. చూయింగ్ గమ్ అమ్మకం 1992లోనే ఆపేశారు. మా షెడ్డు కుర్రాళ్ళని పంపిస్తే నెల జీతం సాయంత్రానికల్లా ఫైన్ల కింద కట్టి వస్తారు.

ఇక సిటీ టూరు. బస్సుకి వంక పెట్టలేను. ముందు సీటుకి మోకాలు తగల్లేదు, గతుకే లేని రోడ్డు కాబట్టి ప్యానెళ్ళ కిరకిర సంగతి తేల్చలేను గానీ, కిటికీ రబ్బరు బిగింపు చూసి ముచ్చటేసింది. బాధంతా బస్సు టైముతోనే. మెర్లయన్ దగ్గర దించి "ట్వంటీ మినిట్స్" అన్నాడు గైడు. సింహం తల, చేప ఒళ్ళు, నోట్లోంచి నీళ్ళు చిమ్మే బొమ్మ అది, 8.6 మీటర్ల ఎత్తు. 1972లో నది మొగలో పెడితే, తర్వాత కట్టిన వంతెన ముందు అడ్డం వచ్చిందట. 2002లో బొమ్మనే ఎత్తి ఇవతలికి జరిపారు. 70 టన్నుల బరువు! ఆ క్రేను ఆపరేటరు ఎవరో గానీ చేతులెత్తి దండం పెట్టాలి. ఇంత కథ ఉన్నచోట మాకు దక్కింది ఫొటోల వరస.

అక్కణ్ణుంచి తీసుకెళ్ళింది రాళ్ళ నగల షోరూముకి. అక్కడ మాత్రం గంట దాటినా ఎవరూ తొందరపెట్టలేదు. గుమ్మం దగ్గర మనిషి మమ్మల్ని తలలు లెక్కపెట్టుకుని లోపలికి పంపాడు, గైడు ఏసీలో కూర్చుని కాఫీ తాగాడు. అమ్మ ఒక ఉంగరం రేటు విని, "ఈ డబ్బుతో వన్‌టౌన్‌లో గాజుల జత వస్తుంది" అని గట్టిగానే అంది. నగలు చూపించే అమ్మాయికి తెలుగు రాకపోవడం మా అదృష్టం. ప్యాకేజీ కాగితంలో ఈ షోరూము పేరు ఎక్కడా లేదు.

నేను పెట్టిన డబ్బుకి న్యాయం జరిగింది గార్డెన్స్ బై ద బే అనే తోటలో. 2012లో తెరిచారు. రెండు గాజు మందిరాలకి ప్యాకేజీలోనే టికెట్టుంది. ఒకదాన్నిండా పూలు, రెండోదాంట్లో కొండ, దాని మీంచి 35 మీటర్ల జలపాతం. చల్లగా ఉంటుంది, పెద్దవాళ్ళకి శాలువా పట్టుకెళ్ళండి. కానీ నేను కాళ్ళు కదపలేకపోయింది బయట సూపర్ ట్రీలనే కట్టుడు చెట్ల దగ్గర. మొత్తం 18 ఉన్నాయి, 25 నుంచి 50 మీటర్ల ఎత్తు. దూరం నుంచి సినిమా సెట్టింగులా కనిపిస్తాయి. దగ్గరికెళ్ళి బొదె చూడండి. లోపల కాంక్రీటు స్తంభం, దాని చుట్టూ ఉక్కు చట్రం, చట్రానికి బిగించిన పలకల్లో నిజం మొక్కలు. పైన గొడుగు విప్పినట్టు కడ్డీలు. కడ్డీ వంపు ఎక్కడా అరంగుళం తప్పలేదు. మా దగ్గర బస్సు రూఫు మూల తిప్పడానికే ఇద్దరు మేస్త్రీలు పొట్లాడుకుంటారు. కొన్నిటి నెత్తిన సోలారు పలకలున్నాయి. ఇంకో తమాషా ఏమిటంటే, ఆ గాజు మందిరాల్ని చల్లబరిచే యంత్రాల తాలూకు వేడిగాలి కొన్ని చెట్లలోంచే పైకి పోతుంది. అంటే మొక్కలు కప్పిన పొగగొట్టాలన్నమాట. గైడు ఈ ముక్క చెప్పలేదు, అక్కడి బోర్డు మీద చదువుకున్నాను.

రాత్రి 7:45కి, మళ్ళీ 8:45కి ఆ చెట్లన్నీ పాటకి తగ్గట్టు వెలుగుతాయి. టికెట్టు లేదు. మా బస్సేమో ఏడింటికే బయల్దేరాలన్నాడు గైడు, డిన్నరుకి ఆలస్యమవుతుందని! "మీరు వెళ్ళండి, మేం వస్తాం" అని ముగ్గురం ఆగిపోయాం. "రూల్స్ ఒప్పుకోవు అంకుల్" అన్నాడు. ఏ రూల్సో చూపించమంటే నవ్వేసి బస్సెక్కాడు. జనం నేల మీద వెల్లకిలా పడుకుని చూస్తున్నారు. మా ఆవిడ కొంగు సర్దుకుని తనూ పడుకుంది. అమ్మ అరుగు మీద కూర్చుని, పాట అయిపోయాక, "కనకదుర్గమ్మ కొండకి దసరాకి పెట్టే లైట్లు కూడా ఇలా పాటకి ఆడించొచ్చు కదరా" అంది.

ఆ రాత్రి నుంచే మెట్రో పట్టాం. బేఫ్రంట్ స్టేషను దగ్గర్లోనే ఉంది. విదేశాల్లో వాడేలా తెరిపించుకున్న బ్యాంకు కార్డు, వీసాదో మాస్టర్‌దో, ఉంటే గేటు దగ్గర ఆనిస్తే చాలు, కొంచెం రుసుం పడుతుంది. మనిషికో కార్డు కావాలి, ఒక్కదానితో ముగ్గురం వెళ్ళడానికి లేదు. ప్రతి స్టేషన్లో లిఫ్టుంది, అమ్మకి మెట్లెక్కే పని పడలేదు. మెట్రోలో తినకూడదు, తాగకూడదు. అమ్మ సంచిలోంచి జంతికలు తీయబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

ప్యాకేజీ భోజనాల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. ప్రతి రాత్రీ అదే పనీరు కూర, అదే పల్చటి పప్పు. ఉల్లి లేకుండా అంటే పెరుగన్నం చేతిలో పెట్టారు. మర్నాటి నుంచి లిటిల్ ఇండియాకి పోయాం. సెరంగూన్ రోడ్డులో కోమల విలాస్ అని 1947 నుంచి నడుస్తున్న శాకాహార హోటలుంది. అమ్మ అట్టు తిని కాఫీ తాగి మొదటిసారి ఆ ఊరిని మెచ్చుకుంది. అదే రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి. తైపూసం అనే మురుగన్ పండగ ఊరేగింపు బయల్దేరేది అక్కణ్ణుంచే. తమిళం అక్కడ అధికార భాష, చాలా బోర్డుల మీద అదీ కనిపిస్తుంది. తెలుగు మాత్రం చెవులకే. గుడి మెట్ల దగ్గర ఒకావిడ మా మాటలు విని, "మాది తెనాలండీ" అని అమ్మ పక్కన కూర్చుంది. ఇక వీళ్ళిద్దర్నీ లేపడం మా వల్ల కాలేదు.

సెంతోసా దీవికి కేబుల్ కారు బాగుంటుంది, 1974 నుంచి తిరుగుతోంది. అక్కడి యూనివర్సల్ స్టూడియోస్ ఆటల పార్కు పిల్లలుంటేనే తీసుకోండి. మా ముగ్గురికీ అది ఎండలో క్యూ తప్ప ఏమీ కాలేదు. ఎండంటే మన మే నెల ఎండలా మాడ్చదు గానీ, భూమధ్యరేఖ పక్కనే కదా, చెమట ఆరదు. వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం, గొడుగు వదలొద్దు.

బస్సు అక్కరకొచ్చిన చోటు ఒక్కటుంది: నైట్ సఫారీ. 1994లో తెరిచారు, రాత్రిపూట జంతువుల్ని చూపించడానికే పెట్టిన మొదటి జూ ప్రపంచంలో అదే. ఊరికి దూరంగా మండాయిలో ఉంది, మెట్రో అక్కడిదాకా పోదు. చీకట్లో ట్రాములో కూర్చోబెట్టి తిప్పుతారు. అడుగు వేయకుండా అన్నీ చూడొచ్చు కనుక పెద్దవాళ్ళకి ఇంతకన్నా హాయి లేదు. ఇది విడిగా కొనుక్కోండి.

బొటానిక్ గార్డెన్స్ అసలు కాగితంలోనే లేదు. 1859 నాటి తోట, 2015లో యునెస్కో జాబితాకెక్కింది, పొద్దున ఐదింటికే తెరుస్తారు, డబ్బులక్కర్లేదు. ఆర్కిడ్ల తోటకి మాత్రం టికెట్టు. కమీషన్ రాని చోటుకి బస్సెందుకు పోతుంది లెండి. తిరుగు ప్రయాణంలో కూడా విమానాశ్రయానికి కాస్త ముందుగా చేరుకుని, దాని పక్కనే ఉన్న జ్యువెల్ అనే మాల్‌లో పైకప్పు నుంచి 40 మీటర్లు పడే నీళ్ళు చూడండి. అదీ ఉచితమే.

మొన్న ట్రావెల్స్ కుర్రాడు ఫోన్ చేసి, "సార్, రేటింగ్ పెట్టండి, నెక్స్ట్ బ్యాంకాక్‌కి డిస్కౌంటిస్తాం" అన్నాడు. వీసా, టికెట్టు, హోటలు వరకు ఎంతో చెప్పు, బస్సూ భోజనాలూ మాకొద్దన్నాను. "అలా విడిగా ఇవ్వం సార్" అన్నాడు. గవర్నర్‌పేటలో ఇచ్చేవాళ్ళున్నారు, రెండు మెట్లెక్కి అడగండి.