ఏడాదిలో బైబిల్ మొత్తమా, రోజుకో చిన్న భాగమా?

సమయం: బైబిల్ 66 పుస్తకాల్లో 1,189 అధ్యాయాలు. ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు నాలుగు చదవాలి. చిన్న భాగానికి పావుగంట చాలు, అదీ తొందరపడకుండా.

ప్రమాదం: మొత్తం చదవబోయినవారిలో చాలామంది మూడో పుస్తకం, నియమాలతో నిండిన లేవీయకాండం దగ్గరే ఆగిపోతారు. ఆగనివారికి మరో చిక్కు: చదివిన అధ్యాయాల పక్కన టిక్కులు పెరుగుతాయి, ప్రార్థన తగ్గుతుంది. చిన్న భాగాలవారు నచ్చిన కీర్తనలే తిరగేస్తూ, గద్దించే ప్రవక్తల జోలికే పోరు. నా దృష్టిలో ఇదే పెద్ద ప్రమాదం.

ఫలం: మొదటిదానితో అబ్రాహాము నుంచి క్రీస్తు దాకా కథ ఒక్కటిగా కనిపిస్తుంది. రెండోదానితో, మననం చేసిన వచనం కష్టంలో నోటికొస్తుంది.

ఎవరికేది: కొత్త విశ్వాసులు మార్కు సువార్తను (16 అధ్యాయాలే) కొంచెం కొంచెంగా చదవడం మేలు. ఏళ్లుగా సంఘానికి వెళ్తున్నా పాత నిబంధన తెరవనివారికి మొత్తం పఠనమే. దుఃఖంలో ఉన్నవారు ప్రణాళిక పక్కనపెట్టి ఒక్క కీర్తన దగ్గరే ఉండొచ్చు.