జాగ్రత్త: ఒకే ప్రయాణమని చూపించి రెండు టికెట్లు అమ్ముతున్నారు

అమెరికాలో పిల్లల దగ్గరికి బయలుదేరబోయే పెద్దవాళ్లూ, వాళ్లకు టికెట్లు కొనిపెట్టే పిల్లలూ, డబ్బు కట్టే ముందు దయచేసి ఇది చదవండి. పోయిన నెల మా అమ్మాయి పురుటికని నేనూ మా వారూ గుంటూరు నుంచి న్యూజెర్సీ వచ్చాం. ఆయనకు 68 ఏళ్లు. చక్కెర జబ్బు ఉంది, మోకాళ్లు పట్టేస్తాయి. టికెట్లు తానే కొంటానని అమ్మాయి ఎంతో చెప్పింది. పురుటి ఖర్చులు మీదున్న పిల్లకు ఈ భారం కూడా ఎందుకని నేనే ఒక ఆన్‌లైన్ టికెట్ల వెబ్‌సైటులో కొన్నాను. మిగతా చోట్ల కంటే మనిషికి 19,000 రూపాయలు తక్కువ చూపించింది. హైదరాబాద్ నుంచి న్యూజెర్సీలోని నెవార్క్ విమానాశ్రయానికి, మధ్యలో దుబాయ్‌లో 13 గంటల విరామం.

ఆ విరామం కింద సన్నటి అక్షరాల్లో ‘సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్’ అని ఒక మాట ఉంది. నేను చూశాను, పట్టించుకోలేదు. విమానం మారడమే కదా అనుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే, వాళ్లు నాకు అమ్మింది ఒక టికెట్ కాదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు విమాన సంస్థల రెండు టికెట్లను పక్కపక్కన పెట్టి ఒకే ధర చూపించారు. గుంటూరు నుంచి విజయవాడకు బస్సు టికెట్, అక్కడి నుంచి వైజాగుకు రైలు టికెట్ విడిగా కొనుక్కుంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. బస్సు ఆలస్యమైతే రైలు ఆగదు, రైలు డబ్బు ఎవరూ తిరిగి ఇవ్వరు. విమానంలో అయితే దీనికి వీసా, సామాను తోడవుతాయి.

మాకు మొదటి దెబ్బ శంషాబాద్‌లోనే తగిలింది. అర్ధరాత్రి గుంటూరులో కారెక్కి తెల్లవారుజామున విమానాశ్రయం చేరాం. మా దగ్గర 23 కిలోల చొప్పున నాలుగు పెట్టెలు. అమెరికా విమానానికి మనిషికి రెండేసి పెట్టెలు సరిగ్గా సరిపోతాయి. దుబాయ్ వెళ్లే మొదటి విమానం టికెట్ మీద మాత్రం మనిషికి 30 కిలోలే. కౌంటర్‌లోని అమ్మాయి చెప్పేదాకా ఆ సంగతి మాకు తెలియదు. 92 కిలోలు తెచ్చాం, అనుమతి 60కే. వెనక వరస పెరిగిపోతోంది, ఆయన నిలబడలేకపోతున్నారు. చివరికి ఒక పెట్టెను మమ్మల్ని దింపడానికి వచ్చిన మా మరిదికి ఇచ్చేసి, మిగిలిన 9 కిలోలకు అదనంగా డబ్బు కట్టాం. వెనక్కి వెళ్లిన ఆ పెట్టెలో పురిటి కాయం ఉంది. పసిబిడ్డ పొత్తిళ్లకని రెండేళ్లుగా ఉతికి, మడతపెట్టి దాచిన నా పాత నూలు చీరలు ఉన్నాయి. కౌంటర్ పక్కన నేల మీద పెట్టెలు తెరిచి ఏది ఉంచాలో ఏది తీయాలో తేల్చుకోమంటే, అంతమంది ముందు నాకు చేతులు ఆడలేదు.

సామాను నేరుగా నెవార్క్ చేరుతుందా అని అడిగితే, ‘దుబాయ్ వరకే అమ్మా, అక్కడ మీరే తీసుకోవాలి’ అంది ఆ అమ్మాయి. అంటే దుబాయ్‌లో ఇమిగ్రేషన్ దాటి, బయటకు వచ్చి, పెట్టెలు తీసుకుని, మళ్లీ మొదటి నుంచి కొత్త ప్రయాణికుల్లా లోపలికి వెళ్లాలి. బయటకు రావాలంటే వీసా కావాలి. అమెరికా వీసా ఉన్న భారతీయులకు దుబాయ్‌లో దిగాక రుసుము కట్టించుకుని వీసా ఇస్తారు కాబట్టి మేం బయటపడ్డాం.

ఐరోపా మీదుగా ఇలాంటి టికెట్ కొన్నవాళ్లకు ఆ దారి కూడా లేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. చేతిలో అమెరికా వీసా ఉంటే ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో పారిస్‌లోనో విమానాశ్రయం లోపలే ఉండి విమానం మారడానికి వేరే వీసా అక్కర్లేదు. పెట్టెల కోసం బయటకు రావాలంటే మాత్రం షెంగెన్ వీసా, అంటే ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా, ఉండి తీరాలి. అది లేకపోతే శంషాబాద్‌లోనే మిమ్మల్ని ఎక్కనివ్వరు. ఒకే టికెట్ అయినా సరే, ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి అక్కడి నుంచి పారిస్ వెళ్లి అమెరికా విమానం ఎక్కేలా ఉంటే కూడా ఇదే చిక్కు. ఆ రెండు ఊళ్ల మధ్య ప్రయాణాన్ని దేశంలోపలి ప్రయాణంగానే లెక్కగడతారు, కాబట్టి ముందే షెంగెన్ ఇమిగ్రేషన్ దాటాల్సి వస్తుంది. తక్కువ ధర టికెట్లలో ఇలాంటివి తరచుగా కనిపిస్తాయి. అమ్మేవాళ్లు ఆపరు, కొనేవాళ్లే చూసుకోవాలి.

దుబాయ్‌లో దిగేసరికి మధ్యాహ్నం. మా వారికి అడిగిపెట్టిన వీల్‌చైర్ మొదటి టికెట్‌తోనే సరి. బయటి తలుపు దగ్గర దింపి, ఆ అబ్బాయి కుర్చీ తీసుకుని వెళ్లిపోయాడు. అతని తప్పేమీ లేదు, రెండో టికెట్ సంగతి అతనికి ఎలా తెలుస్తుంది? మూడు పెట్టెలు రెండు ట్రాలీల మీద వేసుకుని, ఒక ట్రాలీ నేను, ఒకటి ఆయన నెట్టుకుంటూ టాక్సీలో వేరే టెర్మినల్‌కు వెళ్లాం. విమానం రాత్రి రెండు గంటలకు. కౌంటర్ నాలుగు గంటల ముందుగానీ తెరవం అన్నారు. సామాను ఇవ్వనిదే లోపలికి పోనివ్వరు. పడుకోవడానికి వీలైన కుర్చీలు, అద్దె గదులు, మంచి భోజనం దొరికే చోట్లు అన్నీ ఆ లోపలే ఉన్నాయి. బయట మేం కూర్చున్నవి చేతులున్న ఇనుప కుర్చీలు. నడుం వాల్చే వీలు లేదు. మూత్రానికి వెళ్లాలన్నా ఒకరి తర్వాత ఒకరం వెళ్లి, రెండోవాళ్లం పెట్టెలకు కాపలా. డబ్బు కడితే సామాను దాచిపెట్టే చోటు విమానాశ్రయంలోనే ఉంటుందని మాకు తర్వాత తెలిసింది. మీరు ఇలా ఇరుక్కుంటే ముందు దానికోసం అడగండి.

సాయంత్రం ఆరింటికి ఆయన ఇన్సులిన్ పెన్నులున్న సంచి తెరిచి చూస్తే, కింద పెట్టిన ఐసు పాకెట్ పూర్తిగా కరిగి గోరువెచ్చగా ఉంది. నాకు ఏడుపు వచ్చేసింది. పక్కన నేల తుడుస్తున్న అబ్బాయి మా మాటలు విని, ‘ఏమైంది అమ్మా’ అని తెలుగులో పలకరించాడు. జగిత్యాల దగ్గరి పల్లె అట. వెళ్లి కాఫీ దుకాణంలో అడిగి ఒక గ్లాసు నిండా ఐసు ముక్కలు తెచ్చాడు. ప్లాస్టిక్ సంచిలో పోసి, పెన్నులకు తగలకుండా చేతిరుమాలు చుట్టి మరీ ఇచ్చాడు. వాళ్లమ్మకూ చక్కెర జబ్బేనట. డబ్బిస్తే తీసుకోలేదు. చాలా రకాల ఇన్సులిన్ పెన్నులు వాడకం మొదలుపెట్టాక నాలుగు వారాల దాకా మామూలు గది వేడిలోనే ఉంచవచ్చని ఇక్కడ డాక్టరు చెప్పారు. ఆ ముక్క ముందే తెలిసి ఉంటే అంత కంగారు పడేదాన్ని కాదు. మీరు బయలుదేరే ముందు మీ డాక్టరును అడిగి తెలుసుకోండి. ఇన్సులిన్‌ను మాత్రం కింద వేసే పెట్టెలో పెట్టకండి, అక్కడి చలికి గడ్డకట్టవచ్చు.

పదమూడు గంటలు అలా గడిచాక ఇంకో 14 గంటల విమానం. నడవా పక్క సీటు కోసం నేను ఆ వెబ్‌సైటుకు విడిగా డబ్బు కట్టాను. కౌంటర్‌లో అలాంటి నమోదే లేదన్నారు. ఇద్దరికీ మధ్య సీట్లు, వేర్వేరు వరసల్లో. విమానం లోపల గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు పలుచగా ఉంటుంది, తేమ చాలా తక్కువ. అంతకుముందే పగలంతా కాళ్లు వేలాడదీసి కూర్చున్న మనిషి మళ్లీ అక్కడ ముడుచుకుని కూర్చోవాలి. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణాల్లో కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది. మొత్తం మీద చూస్తే అది అరుదే. అయినా వయసు మళ్లినవాళ్ల విషయంలో తేలిగ్గా తీసుకోకూడదు. నెవార్క్‌లో దిగేటప్పటికి మా వారి పాదాలు చెప్పుల్లో పట్టలేదు. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. వాపు దిగడానికి నాలుగు రోజులు పట్టింది. అమ్మాయి తొమ్మిదో నెల కడుపుతో తండ్రి కాళ్ల కింద దిండ్లు పెట్టింది. తన కాళ్లూ వాచే ఉన్నాయి.

వెబ్‌సైటు కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే, తాము మధ్యవర్తులం మాత్రమేనని, విమాన సంస్థను అడగమని అంటున్నారు. విమాన సంస్థ వాళ్లు ఎక్కడ కొన్నారో అక్కడే అడగమంటున్నారు. సీటు డబ్బు ఇంకా రాలేదు. విమాన ప్రయాణికుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం నడిపే ఎయిర్‌సేవలోనూ, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లోనూ ఫిర్యాదు నమోదు చేశాను. మిగిలిందనుకున్న 38,000లో అదనపు సామాను, రెండు వీసాలు, టాక్సీ, తిండి పోగా చేతిలో పడింది నామమాత్రం.

కాబట్టి టికెట్ కొనేటప్పుడు ధర కంటే ముందు మధ్య ఊరి వివరాలు తెరిచి చూడండి. రెండు పీఎన్ఆర్ నంబర్లు కనిపించినా, ‘సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్’ అన్నా, ‘సామాను మళ్లీ చెక్-ఇన్ చేయాలి’ అన్నా, పెద్దవాళ్లకు మాత్రం అది కొనకండి. రెండు వేర్వేరు సంస్థల విమానాలు ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే పర్వాలేదు, ఒక విమానం ఆలస్యమై రెండోది తప్పినా మామూలుగా ఆ సంస్థలే చూసుకోవాలి. దిగే విమానాశ్రయం, ఎక్కే విమానాశ్రయం ఒకటేనా అని కూడా చూడండి. న్యూయార్క్‌లో జేఎఫ్‌కేలో దించి నెవార్క్‌లో ఎక్కమనే టికెట్లూ ఉంటాయి. ఇంకొక మాట. అమెరికా వెళ్లే టికెట్‌ను ప్రయాణానికి కనీసం వారం రోజుల ముందుగా, నేరుగా విమాన సంస్థ దగ్గరే కొంటే, 24 గంటల్లోపు రద్దు చేసుకుని డబ్బు పూర్తిగా వెనక్కి తీసుకోవడమో, డబ్బు కట్టకుండా ఒక రోజు ఆ ధరను నిలిపి ఉంచుకోవడమో, రెంటిలో ఏదో ఒక వీలు ఇవ్వాలని అక్కడి నిబంధన. మధ్యవర్తుల వెబ్‌సైట్లకు ఆ నిబంధన వర్తించదు. కొన్న రోజు సాయంత్రమే నేను మా అమ్మాయికి టికెట్ పంపి చూపించాను. చూడగానే ఇది రెండు టికెట్లమ్మా అంది. అప్పటికే రద్దుకు సగం పైగా కోత అన్నారు.

తిరుగు ప్రయాణానికి అమ్మాయి ఒకే పీఎన్ఆర్ మీద వేరే టికెట్లు కొంది. దుబాయ్‌లో మూడు గంటలే ఆగడం, సామాను నేరుగా శంషాబాద్‌కే. పాపను చూడటానికి వచ్చే నెల గుంటూరు నుంచి మా వియ్యపురాలు వస్తోంది. ఆ చీరల పెట్టె తనతో తెస్తానంది. ఆవిడ టికెట్ నేనే ముందు చూశాను. మీలో ఎవరికైనా తమ టికెట్ ఇలాంటిదేనా అని అనుమానం ఉంటే, పేరూ నంబర్లూ చెరిపేసి ప్రయాణ వివరాలు మాత్రం ఇక్కడ రాయండి. చూసి నాకు తెలిసింది చెప్తాను.