గూగుల్ సెర్చ్ కన్సోల్: నాలుగు మామిడి కాపులు వాడి చూశాక

ఉలవపాడు దగ్గర మాకు ఆరెకరాల మామిడి తోట ఉంది. ముప్పాతిక వంతు బంగినపల్లి, మిగిలినవి రసాలు, ఆవకాయకు పనికొచ్చే నాటు చెట్లు. మా నాయన ఏళ్ల తరబడి కాపును పూత మీదే వ్యాపారికి ఇచ్చేవాడు. కాస్త మిగిలితే పదహారో నంబరు జాతీయ రహదారి పక్కన పాక వేసి అమ్మేవాళ్ళం. 2021 చివర్లో నేను తోట పేరుతో ఒక వెబ్‌సైట్ పెట్టి, ఆ వారంలోనే దాన్ని గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో చేర్చాను. అప్పటి నుంచి నాలుగు కాపులు దాటాయి. మాలాంటి చిన్న రైతుకు అది ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ దాని మీద ఆశ పెట్టుకోకూడదో చెబుతాను.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది ఉచితం. 2015 దాకా వెబ్‌మాస్టర్ టూల్స్ అనేవారు. జనం గూగుల్‌లో ఏ మాట వెతికితే మన సైట్ కనిపించింది, ఎన్నిసార్లు కనిపించింది, ఎందరు నొక్కి లోపలికి వచ్చారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది అన్నవి చూపిస్తుంది. సైట్ పేరు (డొమైన్) కొన్నచోట సెర్చ్ కన్సోల్ ఇచ్చిన 'టెక్స్ట్ రికార్డు' అనే చిన్న కోడ్ ఒకటి అతికిస్తే సైట్ మనదేనని ఖరారవుతుంది. దీన్ని పెట్టుకున్నంత మాత్రాన స్థానం పెరగదు. ఇది నేలలో తేమ చూసే పరికరం లాంటిది, తడి పెట్టాల్సింది మనమే.

మొదటి వేసవిలో మే నెలకల్లా ఇంప్రెషన్ల గీత, అంటే సైట్ ఎన్నిసార్లు కనిపించిందో చూపే గీత, నిలువునా లేచింది. సంబరంగా ఫోన్ పట్టుకెళ్ళి పాకలో కాయలు ఏరుతున్న మా నాయనకు చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇదంతా మనల్ని చూసినోళ్ళా, అడిగినోళ్ళా?" అన్నాడు. చూసినవాళ్ళే అన్నాను. "రోడ్డు మీద పోయే కార్లన్నిటికీ మన పాక కనపడద్దిరా. ఆగినయ్యి ఎన్నో చెప్పు" అన్నాడు. ఆ రోజు నుంచి నేను ముందు క్లిక్కులు చూసి, తర్వాతే ఇంప్రెషన్ల జోలికి వెళుతున్నాను.

నా దృష్టిలో ఈ పనిముట్టుకున్న అసలు విలువ 'క్వెరీలు' అనే, జనం వెతికిన మాటల పట్టికలో ఉంది. కొనేవాడి నోటి మాట అక్కడ దొరుకుతుంది. మా పేజీలో నేను రాసింది 'బంగినపల్లి' అని. వెతికేవాళ్ళు దాన్ని బంగినపల్లి, బంగనపల్లి, బనగానపల్లె అని మూడు రకాలుగా, అదీ ఎక్కువమంది ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతున్నారు. వాటి మధ్య 'బేనిషాన్' అనే మాట కూడా కనిపించింది. మా ఊళ్ళో ఆ పేరు ఎవరూ అనరు. హైదరాబాదులో ఉన్న మేనత్త కొడుకుని అడిగితే, అక్కడి బజార్లో బంగినపల్లిని అలాగే పిలుస్తారని చెప్పాడు. పేజీ మొదట్లోనే 'మా బంగినపల్లినే హైదరాబాదులో బేనిషాన్ అంటారు' అని ఒక్క వాక్యం చేర్చాను. ఆ ఏడాది హైదరాబాదు నుంచి ఫోన్ చేసినవాళ్ళలో చాలామంది ఆ పేరుతోనే అడిగారు.

'కాయలు', 'పళ్ళు' తేడా కూడా అక్కడే తెలిసింది. 'మామిడికాయలు' అని వెతికినవాళ్ళకు మా పేజీ కనిపిస్తోంది కానీ నొక్కి లోపలికి వచ్చేవాళ్ళు తక్కువ. ఆలోచిస్తే విషయం అర్థమైంది. వాళ్ళలో సగం మందికి కావాల్సింది ఆవకాయ కాయ. మేమేమో పేజీ నిండా మాగిన పళ్ళ బొమ్మలు పెట్టాం. ఆవకాయకు వేరే పేజీ రాశాను. ఏ చెట్టు కాయ గట్టిగా, పుల్లగా ఉంటుంది, టెంక ముదిరాక ఎప్పుడు కోస్తాం, ముక్కలు కొట్టించి ఇస్తామా లేదా, అన్నీ అమ్మ చెబుతుంటే రాసుకున్నాను. సైట్‌లో ఇప్పుడు ఎక్కువమంది చదివే పేజీ అదే.

'కార్బైడ్ లేని మామిడి' అని వెతికేవాళ్ళు ఏటా ఉంటారు. కాల్షియం కార్బైడ్‌తో పళ్ళు మాగబెట్టడం మన దేశంలో నిషేధం. ఇథిలీన్ వాయువును మాత్రం 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు వంద వంతులు) దాకా అనుమతించారు. మేము రెండూ వాడం, వరిగడ్డిలో మాగేస్తాం. గడ్డి పరిచి, కాయల్ని తొడిమ కిందికి పెట్టి, మళ్ళీ గడ్డి కప్పి, రోజూ చెయ్యి పెట్టి వేడి చూసుకునే పనినంతా ఫోటోలతో వివరించాను. అరువు తెచ్చుకున్న వాక్యాలతో ఈ పేజీ నిలబడేది కాదు.

ఇక కాలం సంగతి. మొదటి రెండేళ్ళు నేను ఏప్రిల్‌లో, కాయ కోతకొచ్చాక పేజీలు రాసేవాణ్ణి. గూగుల్ వాటిని చూసి, లెక్కలోకి తీసుకుని, నలుగురి ముందు పెట్టేసరికి జూన్ వచ్చేది, తోట ఖాళీ అయ్యేది. ఇప్పుడు పుష్యమాసంలో చెట్టు పూతకొచ్చినప్పుడే పేజీలు సరిచేస్తున్నాను. ఇంకో పొరపాటు, ఏడాదికో కొత్త పేజీ పెట్టడం. '2022 ధరలు', '2023 ధరలు' అని విడివిడిగా ఉండేవి. పాతదానికి వచ్చిన గుర్తింపు కొత్తదానికి అందేది కాదు. ఇప్పుడు ధరల పేజీ ఒక్కటే, చిరునామా మారదు, లోపల అంకెలే మారుస్తాను. పాత చిరునామాలను దానికే మళ్ళించాను.

సెర్చ్ కన్సోల్ 16 నెలల లెక్కలే దాస్తుంది. పోయిన ఏప్రిల్‌నీ ఈ ఏప్రిల్‌నీ పక్కపక్కన పెట్టి చూడటానికి అది చాలు, మామిడికి ఆ పోలికే అర్థవంతం. మే నెలను డిసెంబరుతో పోల్చి దిగులు పడకూడదు. కానీ రెండు కాపుల వెనకటిది కావాలంటే దొరకదు. అందుకే ఏటా జూలైలో మొత్తం పట్టికను షీట్‌లోకి దించి పెట్టుకుంటాను. అరుదుగా వెతికే మాటల్ని అది గోప్యత కోసం చూపించదు, కాబట్టి మొత్తం క్లిక్కులకీ పట్టికలోని లెక్కకీ పొంతన కుదరదు.

2023లో ఒకాయన మొదటి పేజీలో నిలబెడతానని డబ్బు తీసుకున్నాడు. పేరు చెప్పను. కావలి, సింగరాయకొండ, కందుకూరు, టంగుటూరు అంటూ ఊరి పేరు ఒక్కటే మార్చి అదే రాతతో పేజీలు పెట్టాడు. లింకుల నివేదిక తెరిస్తే అప్పులిచ్చే సైట్లు, ఆటల సైట్లు మాకు లింకులిస్తున్నాయి. ఆ పేజీల్లో చాలావాటి పక్కన 'క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' అని వచ్చింది, అంటే గూగుల్ చదివి పక్కన పెట్టింది. నాలుగు రాత్రులు కూర్చుని అన్నీ తీసేశాను. మొదటి స్థానం ఖాయమని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన సూచనల్లోనే రాసింది. ఆ ముక్క ముందే చదివి ఉంటే ఒక కోత కూలి డబ్బులు మిగిలేవి.

ఫోటోల దగ్గర జాగ్రత్త. ఫోన్‌తో తీసిన తట్ట ఫోటో ఒక్కోటి ఐదారు ఎంబీ ఉండేది. తోటలో సిగ్నల్ తక్కువ, అక్కడ నిలబడి మా సైట్ నేనే తెరిస్తే తెల్ల తెర తప్ప ఏమీ రాలేదు. ప్రధాన బొమ్మ రెండున్నర సెకన్లలోపు రావాలన్నది గూగుల్ పెట్టిన కొలత. వెబ్‌పీ అనే తేలికైన ఫోటో రకానికి మార్చి 150 కేబీకి దించాక తోటలో కూడా తెరుచుకుంది.

సైట్‌తో పాటు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే గూగుల్ మ్యాప్‌లో మన వ్యాపారం వివరాలు చూపేది, కూడా ఉండాలి. రోడ్డు మీద కారాపి 'దగ్గర్లో మామిడి తోట' అని వెతికేవాళ్ళకు ముందు కనపడేది అదే. తోట, బోర్డు, పాక చూపిస్తూ వీడియో తీసి పంపితే మాది ధ్రువీకరణ అయింది. కాపు అయిపోగానే 'తాత్కాలికంగా మూసి ఉంది' అని పెట్టాలి, లేకపోతే ఆగస్టులో కూడా మనుషులు గేటు దగ్గరికి వస్తారు. సమీక్ష రాస్తే తగ్గింపు ఇస్తామనకండి, అది నిబంధనలకు విరుద్ధం. ఆ ప్రొఫైల్‌తో వచ్చే ఉచిత సైట్లను గూగుల్ 2024 మార్చిలో ఆపేసింది, కాబట్టి సొంత డొమైన్ కొనుక్కోవడమే మేలు. జిల్లా పేరు కూడా చూసుకోండి. ఉలవపాడు 2022 ఏప్రిల్ 4న ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వెళ్ళింది. ఆ తర్వాత కూడా జనం 'ప్రకాశం' అనే వెతుకుతుంటే రెండు పేర్లూ పేజీలో ఉంచాను.

పోయిన జూలైలో పట్టిక దించుకుంటుంటే కొత్త మాట ఒకటి కనపడింది, 'మాగాయకు కాయలు'. ఆవకాయ పేజీలో దాని ఊసే లేదు. అమ్మను అడిగాను. తొక్క తీసి ముక్కలు ఎండబెట్టాలి కాబట్టి ముదిరిన కాయ, కండ ఎక్కువున్నది కావాలంది. మా తోటలో దానికి పనికొచ్చేవి పడమటి గట్టు మీది మూడు చెట్లు. ఈసారి పూత రాగానే ఆ పేజీ రాయాలి.