వైర్‌లెస్ పద్ధతికి పేటెంటు పరీక్ష: తిరుపతి నుంచి దాఖలు చేసేవారికి చెన్నై ఆఫీసు సేవ ఎలా ఉంటుంది

పేటెంటు పరీక్ష కోరే ఫారం 18కి ఒక వ్యక్తి కట్టేది 4,000 రూపాయలు. ఆ డబ్బుకు ఒక ఎగ్జామినర్ మీ స్పెసిఫికేషన్‌ను, అంటే ఆవిష్కరణ వివరణ పత్రాన్ని, మొదటి పేజీ నుంచి చివరి క్లెయిమ్ (హక్కు కోరే వాక్యం) దాకా చదువుతారు. లోకంలో అంతకుముందే బయటికొచ్చిన పత్రాలతో పోల్చి, కొత్తదనం ఎక్కడుందో ఎక్కడ లేదో రాసిస్తారు. వైర్‌లెస్ సంకేతాలు పంపే, అందుకునే పద్ధతుల మీద ఇంత తక్కువ ఖర్చుకు ఇంత శ్రద్ధగా చదివిపెట్టే చోటు ఇంకొకటి లేదు. కాకపోతే ఆ రిపోర్టు అక్కరకు రావాలంటే చేయాల్సిన పని రిపోర్టు వచ్చాక ఉండదు, దాఖలు చేసే రోజుకే అయిపోయి ఉండాలి. ఈ సేవ మీద పెదవి విరిచేవాళ్లలో ఎక్కువమంది తడబడేది అక్కడే.

ఆంధ్రప్రదేశ్‌లో ఉండేవారి దరఖాస్తు చెన్నై గిండీలోని పేటెంటు ఆఫీసు పరిధిలోకి వస్తుంది. తిరుపతి ఎస్వీయూ, ఏర్పేడు దగ్గరి ఐఐటీ, చిత్తూరు చుట్టుపక్కల ఇంజనీరింగు కాలేజీలు, రేణిగుంట వైపు సొంతంగా బోర్డులు చేసుకునే చిన్న యూనిట్లు, అందరికీ ఆ ఆఫీసే. అలాగని పొద్దున్నే రైలెక్కి పోవాల్సిన పనేమీ లేదు. క్లాస్ 3 డిజిటల్ సంతకం ఉంటే ఇంట్లో కూర్చునే వేయవచ్చు. పేటెంటు ఏజెంటు ద్వారా వేస్తే ఆన్‌లైన్‌లోనే వేయాలి. మీరే కాగితం మీద వేస్తే ఫీజు పది శాతం పెరుగుతుంది. దరఖాస్తు నంబరులో సంవత్సరం తర్వాత వచ్చే 4 చెన్నైకి గుర్తు. కానీ పరీక్ష చేసేది చెన్నైవాళ్లే కానక్కర్లేదు. విషయాన్ని బట్టి ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా ఆఫీసుల్లో ఎవరికైనా పడవచ్చు. అందుకే 'చెన్నైలో మనవాళ్లున్నారు, చెప్పి చేయిస్తాం' అనే మధ్యవర్తి మాట నమ్మి డబ్బు చేతిలో పెట్టకండి.

ఖర్చు లెక్క ఇదీ. వ్యక్తి, స్టార్టప్, చిన్న సంస్థ, విద్యాసంస్థ అయితే దరఖాస్తుకు 1,600, పరీక్షకు 4,000. మిగతావారికి 8,000, 20,000. విద్యాసంస్థలకు ఈ తగ్గింపు 2021 సెప్టెంబరు సవరణతో వచ్చింది. తగ్గింపు కోరే ఫారం 28, గుర్తింపు పత్రం జత చేయాలి. స్పెసిఫికేషన్ 30 పేజీలు దాటితే పేజీకి 160, క్లెయిములు పది దాటితే ఒక్కోదానికి 320 అదనం. వైర్‌లెస్ పద్ధతుల్లో ఈ అదనపు ఖర్చు తప్పదు. పంపేవైపు, అందుకునేవైపు, రెండింటి పరికరాలు, ఫ్లోచార్టులు కలిస్తే 42 పేజీలు, 16 క్లెయిములు సులువుగా అవుతాయి. అంటే 1,920కి ఇంకో 1,920. ఆ 3,840 మిగుల్చుకుందామని వివరణ కత్తిరించేవారు తర్వాత ఎంత పోగొట్టుకుంటారో కింద చూద్దాం.

పరీక్ష దానంతట అది మొదలుకాదు. ఫారం 18 వేయాల్సిందే. 2024 మార్చి 15 నుంచి వేసిన దరఖాస్తులకు గడువు ప్రయారిటీ తేదీ (ఆ ఆవిష్కరణను మొదట దాఖలు చేసిన తేదీ) నుంచి 31 నెలలు. అంతకుముందు 48 ఉండేది, ఇప్పటికీ చాలామంది ఆ పాత లెక్కలోనే ఉన్నారు. తొందరగా కావాలంటే ఫారం 18ఏ, చిన్నవారికి 8,000. దరఖాస్తు ఇంకా ప్రచురణ కాకపోతే ముందస్తు ప్రచురణ కోరే ఫారం 9 కూడా వేయాలి, దానికి 2,500. ఈ దారి అందరికీ లేదు. స్టార్టప్‌కు, చిన్న సంస్థకు, ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థకు ఉంది. దరఖాస్తుదారుల్లో ఒక మహిళ ఉన్నా చాలు, కానీ అప్పుడు దరఖాస్తుదారులందరూ వ్యక్తులే కావాలి. ప్రైవేటు కాలేజీ పేరు కూడా దరఖాస్తుదారుగా చేర్చి, 'మా మేడం ఉన్నారు కదా' అని 18ఏ వేస్తే నిలబడదు.

ఇక అసలు విషయం. ఒక ఉదాహరణ పెట్టుకుందాం. చిత్తూరు వైపు తోతాపురి తోటలో తేమ సెన్సార్లు పెట్టారనుకోండి. 865–867 మెగాహెర్ట్జ్‌లో లైసెన్సు అక్కర్లేదు కాబట్టి, తక్కువ కరెంటుతో చాలా దూరం పంపే లోరా రేడియోలు వాడతారు. వాన పడి ఆకు తడిస్తే సిగ్నల్ పడిపోతుంది. అప్పుడు సెన్సారే గాలిలో తేమ చూసుకుని, గేట్‌వే (సెన్సార్ల సంకేతాలు అందుకునే పరికరం) నుంచి ఆదేశం కోసం ఆగకుండా, స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ (ఎస్ఎఫ్) ఒక మెట్టు పెంచుకుంటుంది. అది పెరిగితే సంకేతం నెమ్మదిగా పోతుంది కానీ బలహీనంగా ఉన్నా అందుతుంది. ఆ తేమ పట్టికే తన దగ్గరా ఉంది కాబట్టి గేట్‌వే కూడా అందుకు తగ్గట్టు వింటుంది. ఇదీ పద్ధతి.

ఎగ్జామినర్ దీన్ని ఎలా చదువుతారు? ముందు డీ1గా, అంటే పోల్చే పాత పత్రాల్లో మొదటిదిగా, లోరా నెట్‌వర్కుల నియమావళి అయిన లోరావాన్ స్పెసిఫికేషన్ వస్తుంది. అందులో డేటా రేటును పరిస్థితిని బట్టి మార్చే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. నెట్‌వర్క్ సర్వరు ఇదివరకు అందిన ప్యాకెట్ల సిగ్నల్ బలం చూసి సెన్సారుకు ఆదేశం పంపుతుంది. డీ2గా చెట్ల ఆకులు సిగ్నల్‌ను ఎంత తగ్గిస్తాయో కొలిచిన పేపరు ఒకటి వస్తుంది. ఈ రెండూ కలిపితే ఈ రంగం తెలిసినవాడికి ఎవరికైనా తట్టేదే అని పేటెంట్ల చట్టం సెక్షన్ 2(1)(జేఏ) కింద అభ్యంతరం రాస్తారు. సెల్యులార్ పద్ధతి అయితే మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ పత్రాలు వస్తాయి. 38.211, 38.213, 38.214 లాంటి స్పెసిఫికేషన్లే కాదు, సమావేశాలకు కంపెనీలు పంపిన చిన్న చిన్న ప్రతిపాదనలు కూడా. అవి ఎవరైనా దించుకునేలా సర్వర్లో ఉంటాయి కాబట్టి బహిరంగ పత్రాలే. జవాబు రాసే ముందు ఆ పత్రం సర్వర్లోకి ఎక్కిన తేదీ చూడాలి. మీ ప్రయారిటీ తేదీకి ఒక్కరోజు తర్వాత ఎక్కి ఉంటే ఆ అభ్యంతరం అక్కడితో పోతుంది.

ఇక్కడే చాలా జవాబులు చప్పబడిపోతాయి. 'డీ1 వేరు, మాది వేరు' అని పది పేజీలు రాస్తే లాభం లేదు. డీ1లో నిర్ణయం సర్వరుది, అదీ జరిగిపోయిన ప్యాకెట్లను చూసి. మా దాంట్లో నిర్ణయం సెన్సారుది, ప్యాకెట్ పోకముందే. డీ2 కొలిచి ఊరుకుంది, ఆ కొలతతో రేడియోను మార్చమని ఎక్కడా అనలేదు. ఇలా తేడాను లైను నంబరుతో చూపించి, ఆ తేడా వల్ల రేడియోలో ఏం జరిగిందో అంకెల్లో చెప్పాలి. 125 కిలోహెర్ట్జ్ మీద ఎస్ఎఫ్7లో ఒక సింబల్ 1.024 మిల్లీసెకన్లు, ఎస్ఎఫ్12లో 32.768. ప్యాకెట్ మొదట్లో వచ్చే ఎనిమిది సింబళ్ల ప్రీయాంబుల్‌కు సింక్ భాగం కలిపి 12.25 సింబళ్లు, అంటే ఒకచోట 12.5 మిల్లీసెకన్లు, ఇంకోచోట 401. ప్యాకెట్లు పోయి పోయి చివరికి ఎస్ఎఫ్12కి చేరడానికి, ముందే ఒక మెట్టు ఎక్కి ఆగడానికి మధ్య బ్యాటరీ ఖర్చు తేడా ఈ లెక్కలోనే కనబడుతుంది. తుది నిర్ణయం చేసే అధికారి అయిన కంట్రోలరుకు కావాల్సింది ఇదే.

ఆ అంకెలు జవాబులో కొత్తగా తెచ్చి క్లెయిమ్‌లో పెట్టలేరు. సెక్షన్ 59 ఒప్పుకోదు. మొదట దాఖలు చేసిన స్పెసిఫికేషన్‌లో ఉన్నదే క్లెయిమ్‌లోకి దించవచ్చు. 'తేమ ఎక్కువైతే స్ప్రెడింగ్ ఫ్యాక్టర్ మారుతుంది' అని మాత్రమే రాసినవారికి డీ1, డీ2 వచ్చాక వెనక్కి తగ్గి నిలబడటానికి చోటు లేదు. 'తేమ 85 శాతం పైన 20 నిమిషాలు నిలిస్తే ఒక మెట్టు, గంట నిలిస్తే రెండు, 70కి పడిపోతే వెనక్కి' అని రాసిపెట్టినవారికి అలాంటి చోట్లు మూడున్నాయి. ఆ పేజీ ఖరీదు 160 రూపాయలు! ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) స్పెసిఫికేషన్ వేసేవారికీ ఇదే వర్తిస్తుంది. 12 నెలల్లో కంప్లీట్ (పూర్తి) స్పెసిఫికేషన్ వేయవచ్చు కానీ, ప్రొవిజనల్‌లో లేని అంకెకు ఆ పాత తేదీ దక్కదు.

సెక్షన్ 3(కే) ఈ రంగంలో దాదాపు తప్పని అభ్యంతరం. గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, కేవలం కంప్యూటర్ ప్రోగ్రాం, అల్గోరిథమ్, వీటికి పేటెంటు లేదు. వైర్‌లెస్ పద్ధతి అంటే సగం లెక్కలే కాబట్టి ఎగ్జామినర్ చెయ్యి అటే పోతుంది. 2019లో ఫెరిద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు సాంకేతిక ఫలితం ఉంటే కంప్యూటర్ ఆధారిత ఆవిష్కరణను తోసిపుచ్చకూడదని చెప్పింది. అలాగని కోర్టు అండ ఉంది కదా అని ధీమాగా ఉండలేం. 2024 మార్చిలో లావా, ఎరిక్సన్ కేసులో అదే కోర్టు ఎరిక్సన్ ఎనిమిది పేటెంట్లలో ఏడింటిని నిలబెట్టి, మాట కోడింగుకు సంబంధించిన ఒకదాన్ని అల్గోరిథమ్ అని కొట్టేసింది. అంత పెద్ద కంపెనీ రాయించుకున్న క్లెయిమే పడిపోయింది. కాబట్టి క్లెయిమ్ మొదటి వాక్యం నుంచే రేడియో కనబడాలి. ఏ పరికరం, ఏ సంకేతాన్ని, ఏ సమయంలో, ఏ ఫ్రీక్వెన్సీలో పంపింది, అవతలి పరికరం దాన్ని ఎలా పట్టుకుంది. 'విలువను లెక్కించుట, పోల్చుట, ఎంచుకొనుట' దగ్గరే ఆగిన క్లెయిమ్, ఎంత గొప్ప ఆలోచనైనా, 3(కే)లో పడుతుంది. ప్రోగ్రాం ఉన్న మెమరీ మీద వేరే క్లెయిమ్ పెట్టినా ఇదే గతి. అది ముందే తీసేస్తే ఒక తలనొప్పి తగ్గుతుంది.

ఈ సేవలో మాకు నచ్చనిది కూడా ఈ 3(కే) దగ్గరే ఉంది. కొత్తదనం మీద రాసేటప్పుడు పేరా నంబర్లతో సహా రాసే రిపోర్టులు, 3(కే) దగ్గరికి వచ్చేసరికి ఏ క్లెయిమ్‌లో ఏ మెట్టు అల్గోరిథమో విడదీసి చూపకుండా మొత్తాన్ని ఒకే వాక్యంలో తోసేయడం తరచుగా కనిపిస్తుంది. జవాబు రాసేవాడు అన్ని మెట్లకూ సమాధానం చెప్పుకోవాలి. అది మారాలి.

చిన్న అభ్యంతరాలు ఎప్పుడూ ఉండేవే: క్లెయిమ్‌లో 'తగినంత', 'సుమారుగా' అన్న మాటలు, బొమ్మల్లోని అంకెలు క్లెయిముల్లో లేకపోవడం, సారాంశం 150 పదాలు దాటడం. పూటలో సరిదిద్దవచ్చు. సెక్షన్ 10(5) కింద వచ్చేది మాత్రం చిన్నది కాదు. సెన్సారు క్లెయిమ్‌లో తేమ పట్టిక ఉండి, గేట్‌వే క్లెయిమ్‌లో అది లేకపోతే, రెండూ రెండు ఆవిష్కరణలని అంటారు. ఆ పట్టికను గేట్‌వే వైపు కూడా చేర్చాలి, లేదా మొదటిది గ్రాంటు కాకముందే సెక్షన్ 16 కింద రెండోదాన్ని విడదీసి డివిజనల్ దరఖాస్తుగా వేసుకోవాలి.

కాలేజీల్లో ఎక్కువగా జరిగే నష్టం ఇంకొకటి. ముందు కాన్ఫరెన్సులో పేపరు చదివేస్తారు, థీసిస్ అందరూ చదవగలిగే శోధ్‌గంగ వెబ్‌సైటులో ఎక్కుతుంది, ఆ తర్వాత పేటెంటు గుర్తుకొస్తుంది. అప్పుడు డీ1గా వచ్చేది సొంత పేపరే. సెక్షన్ 31లో 12 నెలల మినహాయింపు ఉన్నా దాని దారి చాలా ఇరుకు, దాన్ని నమ్ముకోకూడదు. 'నెల రోజుల్లో పేటెంటు' అని చెప్పే ప్రకటనల సంగతీ ఇక్కడే చెప్పాలి. నెలలో వచ్చేది ఫారం 9తో జరిగే ప్రచురణ. ప్రచురణ అంటే పరీక్ష కాదు, హక్కు అంతకంటే కాదు. ఫ్లెక్సీలు కట్టించుకుని, ఫారం 18 వేయకుండా గడువు దాటించుకున్న దరఖాస్తు చచ్చిపోయినట్టే.

జవాబుతో అన్నీ తీరకపోతే సెక్షన్ 14 కింద హియరింగ్ ఉంటుంది. తిరుపతి వాళ్లకు ఈ సేవలో అన్నిటికంటే పెద్ద మేలు ఇదే. వీడియోలో జరుగుతుంది. రేడియో గురించి అడిగే ప్రశ్నలకు ఏజెంటు కంటే ఆవిష్కర్త చెప్పేదే సూటిగా ఉంటుంది కాబట్టి ఆయన్నీ కూర్చోబెట్టండి. రెండు బొమ్మలు సిద్ధంగా పెట్టుకోండి: డీ1లో సంకేతం నడిచే వరుస ఒకటి, మీ పద్ధతిలో నడిచే వరుస ఇంకొకటి. హియరింగ్ తర్వాత 15 రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి. సవరించిన క్లెయిములు అందులోనే పోవాలి. తిరస్కరిస్తే మూడు నెలల్లో అప్పీలు, చెన్నై ఆఫీసు దరఖాస్తు కాబట్టి మద్రాసు హైకోర్టుకు.

దాఖలుకు ముందు ఒక వారం ఇన్‌పాస్‌లో, అంటే పేటెంటు ఆఫీసు వెతుకులాట వెబ్‌సైటులో, గడపండి. ఉచితం. వైర్‌లెస్ వ్యవస్థలో సంకేతం పంపే, అందుకునే పద్ధతి అన్న పేరుతోనే కొరియా, జపాన్, చైనా కంపెనీల దరఖాస్తులు బోలెడు. వాటికి వచ్చిన రిపోర్టులు, ఇచ్చిన జవాబులు, కంట్రోలరు తుది ఉత్తర్వులు అన్నీ అక్కడే చదవవచ్చు. ఏ మాట నిలబడిందో, ఏది పడిపోయిందో అంత స్పష్టంగా ఏ శిక్షణా తరగతీ చెప్పదు. ఈ పారదర్శకత కోసమే మేము ఈ సేవకు అయిదుకు నాలుగు ఇస్తాం. ఆ తగ్గిన ఒకటి 3(కే) రాతకు.

రిపోర్టు తేదీ విషయంలో జాగ్రత్త. జవాబుకు ఆరు నెలలు, గడువు తీరేలోపు ఫారం 4 వేస్తే ఇంకో మూడు అడగవచ్చు. ఈ లెక్క రిపోర్టు జారీ అయిన రోజు నుంచి, మీరు చూసిన రోజు నుంచి కాదు. విదేశాల్లో కూడా వేసినవారు ఆ దరఖాస్తుల వివరాలు చెప్పే ఫారం 3ని కొత్తగా మూడు నెలల్లోనే ఇవ్వాలి. రిపోర్టు వచ్చేది దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిలుకు. అది చదువైపోయి బెంగళూరు వెళ్లిపోయిన విద్యార్థిదో, బదిలీ అయిన హెచ్‌ఓడీదో అయితే ఈరోజే మార్పించండి.